పచ్చళ్ల వ్యాపారానికి కీవర్డ్స్: ఎక్కడ వెతకాలి, ఎక్కడ పెట్టాలి

మా పిన్ని తెనాలిలో ఇంటి దగ్గరే నిలవ పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఆర్డర్ల ఫోనూ, వెబ్‌సైటూ నేను చూసుకుంటాను. ఇలాంటి చిన్న వ్యాపారం నడిపేవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "గూగుల్‌లో మనది మొదటి పేజీలో రావాలంటే ఏ కీవర్డ్స్ పెట్టాలి?" జవాబు ఏదో టూల్‌లో దొరుకుతుందని అనుకుంటారు. నేను మాత్రం ముందు ఆర్డర్ల ఫోన్ తీయమంటాను. కీవర్డ్స్ అంటే జనం గూగుల్‌లో వెతికే మాటలు. కొనేవాళ్ల నోట వచ్చే మాటలే అసలు కీవర్డ్స్. ఆ మాటల్ని సరిచూసుకోవడానికి టూల్స్ పనికొస్తాయి.

పచ్చళ్లనే ఉదాహరణగా పెట్టుకుని పని మొత్తం చెబుతాను. మీది చీరల కొట్టయినా, ట్యూషన్ సెంటరైనా, ట్రావెల్స్ అయినా పద్ధతి ఇదే.

ముందు వాట్సాప్ తెరవండి

మనం మన సరుకు గురించి చెప్పుకునే మాటలు వేరు, కొనేవాళ్లు వెతికే మాటలు వేరు. "అమ్మ చేతి రుచి", "సంప్రదాయ పద్ధతిలో తయారీ" అని వెబ్‌సైట్ నిండా రాసుకుంటాం. అరకిలో మాగాయ కావాల్సిన మనిషి గూగుల్‌లో "అమ్మ చేతి రుచి" అని కొట్టడు. "మాగాయ ఆన్‌లైన్" అని కొడతాడు, లేదంటే "మాగాయ కిలో ఎంత" అంటాడు.

మా ఫోన్‌కి వచ్చే మెసేజీలు ఇలా ఉంటాయి:

"వెల్లుల్లి లేకుండా ఆవకాయ ఉందా అండీ?"
"పప్పునూనెతో చేసిందేనా?"
"అమెరికా పంపిస్తారా? కొరియర్ ఎంత పడుతుంది?"
"నాన్నగారికి బీపీ. ఉప్పు తగ్గించి మాగాయ చేసిస్తారా?"
"కొత్తావకాయ ఎప్పటికి రెడీ అవుతుంది?"
"బెల్లం ఆవకాయ అరకిలో పంపండి చాలు."

వీటిని ఒక నోట్‌బుక్‌లోనో, గూగుల్ షీట్‌లోనో ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. భాష సరిదిద్దకండి, మర్యాదగా మార్చకండి. "పప్పునూనె" అని అడిగినచోట "నువ్వుల నూనె" అని మీరు మార్చి రాసేస్తే, ఆ మాటతో వెతికే మనిషి మీకు దొరక్కుండా పోతాడు. రెండు మాటలూ రాసుకోండి. ఫోన్ చేసి మాట్లాడేవాళ్లు మెసేజ్ పెట్టేవాళ్లకంటే వివరంగా అడుగుతారు కాబట్టి, పక్కన కాగితం పెట్టుకుని వాళ్ల మాటలు కూడా రాయండి.

ఎవరు ఏ ఊరి నుంచి అడిగారన్నది కూడా చూడాలి. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చే ఆర్డర్లలో "మామిడికాయ తొక్కు" అనే మాట ఉంటుంది. అల్లం వెల్లుల్లి ముద్ద వేసిన మామిడికాయ పచ్చడి కావాలని కొందరు విడిగా అడుగుతారు. మనవైపు దాన్ని ఆవకాయ లెక్కలో వేసేస్తాం గానీ, అడిగేవాళ్లకి అది వేరే పచ్చడి. మీరు అది నిజంగా చేస్తుంటే దానికి సొంత పేజీ ఇవ్వండి. చేయకపోతే, ఆ మాట కోసం ఆవకాయ పేజీలో తొక్కు అని ఇరికించకండి. వచ్చినవాళ్లు నిమిషంలో వెళ్లిపోతారు, మళ్లీ రారు.

పక్క కాలమ్‌లో ఆ మనిషికి ఏం కావాలో రాయండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన కాలమ్. ఒకే పచ్చడి గురించి వెతికేవాళ్లలో కనీసం మూడు రకాలు ఉంటారు. కొనాలనుకునేవాళ్లు, ఇంట్లో పెట్టుకోవాలనుకునేవాళ్లు, ఏదో సందేహం తీరితే చాలనుకునేవాళ్లు.

"ఆవకాయ" అని ఒక్క మాట కొట్టి చూడండి. తయారీ విధానాలూ, వంటల వీడియోలూ వరసగా వస్తే, ఆ మాట కొట్టేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది వంట అని గూగుల్ అనుకుంటోందన్నమాట. అమ్మకం పేజీని ఆ మాట మీద నిలబెట్టాలని చూడటం దండగ. "ఆవకాయ అరకిలో ధర", "ఆవకాయ ఆన్‌లైన్ ఆర్డర్" అని కొట్టేవాళ్లు తక్కువే ఉండొచ్చు, కానీ వాళ్ల చేతిలో డబ్బులున్నాయి.

సందేహాలవాళ్లని కూడా వదులుకోవద్దు. "ఆవకాయ మీద నూనె తేలకపోతే ఏం చేయాలి", "పచ్చడి ఎన్నాళ్లు నిలవ ఉంటుంది", "పచ్చడి మీద బూజు ఎందుకు వస్తుంది" లాంటి ప్రశ్నలకి మా పిన్ని దగ్గర గట్టి జవాబులున్నాయి. అవన్నీ రాసి పెడితే, ఈరోజు జవాబు చదివి వెళ్లిన మనిషి వచ్చే వేసవిలో ఎవరి పేరు గుర్తు తెచ్చుకుంటుందో చెప్పక్కర్లేదు.

స్పెల్లింగుల సంగతి

మనవాళ్లలో చాలామంది తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. ఆవకాయ అనడానికి మొదట ఒక "ఎ" పెట్టేవాళ్లు, రెండు పెట్టేవాళ్లు, చివర "వై ఎ" రాసేవాళ్లు, "ఐ"తో ఆపేసేవాళ్లు ఉన్నారు. గోంగూరలో "యు" పెట్టేవాళ్లు, రెండు "ఓ"లు పెట్టేవాళ్లు ఉన్నారు. ఇవన్నీ చూసి ఒక్కో స్పెల్లింగుకి ఒక్కో పేజీ చేయాలేమో అని టెన్షన్ పడకండి. రెండు స్పెల్లింగులూ విడివిడిగా కొట్టి మొదటి పేజీలో వచ్చేవాటిని పోల్చండి. దాదాపు అవే వస్తే గూగుల్ రెండిటినీ ఒకటిగానే చూస్తోంది, మీరేమీ చేయక్కర్లేదు. వేరుగా వస్తే, ఎక్కువమంది వాడే స్పెల్లింగు టైటిల్లో (గూగుల్ ఫలితాల్లో పేజీ పేరుగా కనిపించే లైను) పెట్టి, రెండోది పేజీలో ఒకచోట సహజంగా కుదిరేలా రాయండి.

ఏది ఎక్కువమంది వాడతారో చూడటానికి గూగుల్ ట్రెండ్స్ ఉంది. డబ్బు కట్టక్కర్లేదు. ఒకేసారి 5 మాటల వరకు పక్కపక్కన పెట్టి చూడొచ్చు, 2004 నుంచి లెక్కలున్నాయి, రాష్ట్రాల వారీగా కూడా చూపిస్తుంది. అందులో కనిపించే 0 నుంచి 100 వరకు అంకెలు మాత్రం వెతికినవాళ్ల సంఖ్య కాదు. మీరు ఎంచుకున్న కాలంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న చోటుని 100 అనుకుని మిగతావి దాంతో పోల్చి చూపిస్తుంది. రెండు మాటల్లో ఏది ముందుందో తేల్చుకోవడానికి అది చాలు.

తెలుగు లిపిలో వెతికేవాళ్లూ తక్కువేం కాదు. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ సెర్చ్‌లోకి తెలుగు వచ్చింది. టైప్ చేయడం ఇబ్బందిగా ఉండే పెద్దవాళ్లు ఇప్పుడు ఫోన్‌తో మాట్లాడి వెతుకుతారు. మాట్లాడేటప్పుడు రెండు ముక్కల్లో ఆపరు. "తెనాలిలో మంచి పచ్చళ్లు ఎక్కడ దొరుకుతాయి" అని పూర్తి వాక్యం అంటారు. అందుకే పేజీలో కొన్ని ప్రశ్నలు మనుషులు అడిగే తీరులోనే రాయాలి.

సైట్ తెలుగులో ఉండాలా, ఇంగ్లిష్‌లో ఉండాలా అంటే, ఓపిక ఉంటే రెండూ, కానీ వేరువేరు పేజీలుగా. పేజీ ఏ భాషలో ఉందో గూగుల్ అందులో కనిపించే రాతని బట్టి తేల్చుకుంటుంది. ఒక లైను తెలుగు, దాని కింద అదే లైను ఇంగ్లిష్ అన్నట్టు కలిపేస్తే అది ఎవరి పేజీయో తెలియదు. మాటల మధ్య వచ్చే కొరియర్, ఆర్డర్ లాంటి ఇంగ్లిష్ మాటలతో ఏ ఇబ్బందీ లేదు.

పేజీ లింకు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టమని నా సలహా. తెలుగు అక్షరాలతో లింకు పెట్టినా గూగుల్‌కి అర్థమవుతుంది. దాన్ని కాపీ చేసి ఎక్కడైనా పేస్ట్ చేస్తే చాలాసార్లు ఒక్కో అక్షరమూ, ఒక్కో గుణింతపు గుర్తూ పర్సెంట్ గుర్తులతో కలిపి 9 క్యారెక్టర్లుగా విడిపోతుంది. "ఆవకాయ" అన్న చిన్న మాటే 45 క్యారెక్టర్లవుతుంది. వాట్సాప్‌లో అలాంటి లింకు వస్తే వైరస్ ఏమో అని జనం నొక్కరు. ఇంగ్లిష్ మాటల మధ్య హైఫన్ పెట్టండి, అండర్‌స్కోర్ వద్దు.

టూల్స్‌తో సరిచూడటం

మొదటి టూల్ గూగుల్ బాక్సే. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో (మీరు ఇంతకుముందు వెతికినవి లెక్కలోకి రాని ప్రైవేట్ విండో) తెరిచి, "గోంగూర పచ్చడి" అని కొట్టి ఎంటర్ నొక్కకుండా ఆగండి. కింద వచ్చే సూచనలు జనం నిజంగా వెతుకుతున్నవి. తర్వాత ఒక ఖాళీ వదిలి ఒక్కో అక్షరం కొడుతూ పోతే కొత్తవి వస్తాయి. వెతికిన తర్వాత పేజీ మధ్యలో జనం అడిగే ఇతర ప్రశ్నల పెట్టె, అడుగున సంబంధిత సెర్చ్‌లు కనిపిస్తాయి. మీ షీట్‌లో లేనివి ఉంటే చేర్చండి.

రెండోది గూగుల్ యాడ్స్‌లో (గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చే చోటు) ఉండే కీవర్డ్ ప్లానర్. ఒక మాటని నెలకి ఎన్నిసార్లు వెతుకుతున్నారో చూపిస్తుంది. యాడ్స్ అకౌంట్ తెరవాలి. యాడ్స్‌కి డబ్బు పెట్టకుండా చూస్తే సరైన సంఖ్య ఇవ్వదు, నెలకి 100 నుంచి 1000, 1000 నుంచి 10 వేలు అని విశాలమైన రేంజ్ చూపిస్తుంది. ఇందులో "కాంపిటీషన్" అనే కాలమ్ చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అది యాడ్స్ ఇచ్చేవాళ్ల మధ్య పోటీ. మామూలు ఫలితాల్లో పైకి రావడం ఎంత కష్టమో దాన్ని బట్టి తెలియదు. "లో" అని ఉంది కదా అని సంబరపడొద్దు, "హై" అని ఉందని వదిలేయొద్దు.

తెలుగు మాటలకి చాలాసార్లు అందులో అసలు లెక్కే రాదు. అయినా మీ ఫోన్‌లో పదేపదే వస్తున్న మాటని పక్కన పెట్టకండి. రోజూ వచ్చే సెర్చ్‌లలో దాదాపు 15 శాతం అంతకుముందు ఎప్పుడూ రానివేనని గూగులే చెబుతుంది. టూల్‌కి తెలియని ప్రశ్న కస్టమర్‌కి ఉండొచ్చు. నెలనెలా డబ్బు కట్టే టూల్స్ ఈ స్థాయి వ్యాపారానికి అక్కర్లేదు.

ఏది ఎంచుకోవాలి

ఒక్కో మాటనీ గూగుల్‌లో కొట్టి మొదటి పేజీలో ఎవరున్నారో చూడండి. "ఆంధ్ర పచ్చళ్లు ఆన్‌లైన్" అంటే పెద్ద షాపింగ్ సైట్లూ, ఏళ్లుగా పేరున్న బ్రాండ్లూ వరసగా కనిపిస్తే, కొత్త సైట్‌కి అక్కడ ఇప్పట్లో చోటు లేదు. "వెల్లుల్లి లేని ఆవకాయ" అని కొట్టినప్పుడు వంటల వీడియోలు, ఎక్కడో ఒక లైనులో "వెల్లుల్లి లేదు" అని ఉన్న పేజీలు వస్తున్నాయనుకోండి. అంటే అడిగినదానికి నేరుగా జవాబిచ్చే పేజీ లేదు. మీరు మొదలుపెట్టాల్సింది అక్కడ.

ఇంకొకటి కూడా అడుగుతాను: ఈ విషయంలో మన దగ్గర ఇతరులు చెప్పలేనిది ఏముంది? ఏమీ లేకపోతే ఎంత మంచి కీవర్డైనా పక్కన పెట్టేస్తాను. 2022 డిసెంబర్‌లో గూగుల్ ఫలితాల నాణ్యతని పరిశీలించేవాళ్లకి ఇచ్చే మార్గదర్శకాల్లో "అనుభవం" అన్నదాన్ని కూడా చేర్చింది. రాసినవాళ్లకి ఆ పని స్వయంగా తెలుసా అన్నది అందులో చూస్తారు. చేతులు ఎర్రబడేలా కారం కలిపే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఇది మనకి ఎంత అనుకూలమో ఆలోచించండి.

పేజీ కట్టడం

వెల్లుల్లి లేని ఆవకాయ పేజీనే తీసుకుందాం. ఇది అడిగేవాళ్లు ఎవరు? ఇంట్లో వెల్లుల్లి అసలు వాడనివాళ్లు, పూజలూ దీక్షలూ ఉన్న రోజుల్లో తిననివాళ్లు, వాసన పడనివాళ్లు. "ఉంది" అని జవాబిస్తే వాళ్లు వెంటనే రెండో ప్రశ్న అడుగుతారు: "వెల్లుల్లి ఆవకాయ కలిపిన గిన్నెలోనే ఇదీ కలుపుతారా?"

ఆ రెండో ప్రశ్నకి జవాబున్న పేజీయే వాళ్లకి కావాల్సింది. మా పిన్ని దీనికి బేసిన్, గరిటె, జాడీ విడిగా ఉంచుతుంది. వెల్లుల్లి లేనిది ముందు రోజు కలిపి, జాడీకెత్తి, వాసెన కట్టి పక్కన పెట్టాకే వెల్లుల్లి వలవడం మొదలుపెడుతుంది. పేజీలో మేం రాయాల్సింది సరిగ్గా ఇదే. ఆ రెండు వాక్యాలు ఏ కీవర్డ్ టూలూ చెప్పదు.

టైటిల్: "వెల్లుల్లి లేని ఆవకాయ, పప్పునూనెతో: అరకిలో, కిలో", ఆ తర్వాత చివర్లో వ్యాపారం పేరు. టైటిల్ పొడవైతే గూగుల్ చివర కోసేస్తుంది, కొన్నిసార్లు తనకు నచ్చినట్టు మార్చి చూపిస్తుంది కూడా. అందుకే ముఖ్యమైన మాటలు ముందుండాలి. చాలా సైట్లలో అన్ని పేజీల టైటిలూ వ్యాపారం పేరుతోనే మొదలవుతుంది. మీ పేరు ఇంకా ఎవరికీ తెలియనప్పుడు ఆ చోటు సరుకు పేరుకి ఇవ్వండి.

మొదటి పేరా: "ఈ ఆవకాయలో వెల్లుల్లి వేయం. మామిడికాయ ముక్కలు, ఆవపిండి, గుంటూరు కారం, కల్లుప్పు, మెంతులు, పప్పునూనె (నువ్వుల నూనె), అంతే." అడిగిన మాట మొదటి వాక్యంలోనే ఉంది, ఇరికించినట్టు లేదు. తర్వాత ఎలా విడిగా కలుపుతారు, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ధర ఎంత, కొరియర్ ఎక్కడెక్కడికి అన్నవి చిన్న చిన్న హెడ్డింగులతో రాయాలి. విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ప్యాకింగే పెద్ద బెంగ. నూనె కారకుండా ఎలా ప్యాక్ చేస్తారో ఫోటోతో చూపించండి.

ఫోటో ఫైలు పేరు కెమెరా ఇచ్చిన అంకెలతోనే వదిలేయకుండా సరుకు పేరు పెట్టండి. ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫోటో వెనకాల రాసే వివరణ) ఫోటోలో ఉన్నది చెప్పండి: "వెల్లుల్లి లేని ఆవకాయ, గాజు సీసాలో అరకిలో". చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది అదే, కాబట్టి కీవర్డ్‌లు కుక్కే చోటుగా వాడటం నాకు అస్సలు నచ్చదు.

మెటా డిస్క్రిప్షన్ (పేజీ గురించి దాని కోడ్‌లో రాసే చిన్న పరిచయం) వల్ల ర్యాంకు పెరగదు. ఫలితాల్లో టైటిల్ కింద అది కనిపించే అవకాశం ఉంది కాబట్టి, నొక్కాలనిపించేలా రెండు వాక్యాలు రాయండి. పేజీ కోడ్‌లో కీవర్డ్స్ జాబితా పెట్టే మెటా కీవర్డ్స్ అనే ట్యాగ్‌ని వదిలేయండి. ర్యాంకింగ్‌కి దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పింది. ఇప్పటికీ కొందరు వెబ్‌సైట్ చేసేవాళ్లు దానికోసం విడిగా డబ్బు అడుగుతారు, ఇవ్వకండి.

మీ మిగతా పేజీల నుంచి ఈ పేజీకి లింకు ఇచ్చేటప్పుడు "ఇక్కడ క్లిక్ చేయండి" అని రాయొద్దు. "వెల్లుల్లి లేని ఆవకాయ" అన్న మాటలకే లింకు పెట్టండి. చదివేవాళ్లకీ గూగుల్‌కీ ఎక్కడికి వెళ్తున్నదీ తెలుస్తుంది.

కీవర్డ్ ఎన్నిసార్లు రావాలి అంటే లెక్క లేదు. రాసింది పైకి చదవండి. "మా వెల్లుల్లి లేని ఆవకాయ తెనాలి వెల్లుల్లి లేని ఆవకాయలలో ఉత్తమ వెల్లుల్లి లేని ఆవకాయ" అన్నట్టు వినిపిస్తే కస్టమర్‌కి నమ్మకం పోతుంది, అలా కుక్కడం గూగుల్ స్పామ్ నిబంధనల కింద కూడా వస్తుంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలతో దాచి పెట్టడమూ అంతే.

పోస్టర్లూ, అను ఫాంట్లూ

తెలుగు సైట్లలో నేను ఎక్కువగా చూసే ఇబ్బంది ఇది, బయట ఎక్కడా ఎవరూ చెప్పరు. పచ్చళ్ల పేర్లూ ధరలూ అన్నీ డీటీపీ సెంటర్‌లో చేయించిన రంగుల పోస్టర్‌లో ఉంటాయి. ఆ పోస్టర్‌నే ఫోటోగా సైట్‌లో పెట్టేస్తారు. మనకి అందులో ఇరవై పచ్చళ్ల పేర్లు కనిపిస్తాయి, గూగుల్‌కి ఒక బొమ్మ కనిపిస్తుంది. ముఖ్యమైన విషయాలు బొమ్మలో కాకుండా టెక్స్ట్‌గా ఉంచమని గూగుల్ తన సూచనల్లోనే చెబుతుంది. ఎంతో మంచి పచ్చళ్లు పెట్టే మనుషుల పేర్లు అలా బొమ్మలో ఇరుక్కుపోయి ఎవరికీ దొరక్కపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో రకం, అను లాంటి పాత ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్. కాగితం మీద ప్రింటుకి అది బాగానే ఉంటుంది. దాన్ని కాపీ చేసి సైట్‌లో పేస్ట్ చేస్తే వెనకాల ఉండేవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం. యూనికోడ్‌లోకి (ఫోన్లూ, వెబ్‌సైట్లూ అన్నీ తెలుగుగా గుర్తించే అక్షరాలు) మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి, మార్చాక ఒత్తులూ పొల్లులూ ఒకసారి చూసుకోవాలి. కొత్తగా రాసేదైతే ఫోన్ కీబోర్డ్‌తో నేరుగా తెలుగులో కొట్టడమే తేలిక.

పరీక్ష ఒక్క నిమిషం పని. ఫోన్‌లో మీ సైట్ తెరిచి ఒక పచ్చడి పేరు మీద వేలు నొక్కి పట్టండి. ఆ మాట సెలెక్ట్ అవ్వాలి. కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగులో వస్తే సరే. అసలు సెలెక్టే కాకపోతే బొమ్మ, పిచ్చి గుర్తులు వస్తే ఫాంటు. ఈ రెండూ సరిచేయకుండా కీవర్డ్స్ గురించి ఎంత కష్టపడ్డా ఫలితం ఉండదు.

ఒకే పనికి రెండు పేజీలు వద్దు

ఒకే పచ్చడికి "వెల్లుల్లి లేని ఆవకాయ" అని ఒక పేజీ, "నో గార్లిక్ ఆవకాయ" అని ఇంకో పేజీ తెలుగులోనే పెడితే దేన్ని చూపించాలో గూగుల్‌కి తేలదు. గూగుల్ బాక్స్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో సైట్ అని రాసి కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైట్ అడ్రస్, ఆ తర్వాత ఖాళీ వదిలి ఆ మాట కొట్టండి. ఆ విషయం మీద మీవి ఏయే పేజీలు గూగుల్‌లో ఉన్నాయో కనిపిస్తాయి. ఒకేలాంటివి రెండుంటే మంచిదాంట్లోకి రెండోది కలిపి, తీసేసిన పేజీ లింకుని ఉంచిన పేజీకి రీడైరెక్ట్ చేయండి, అంటే అది నొక్కినవాళ్లు నేరుగా ఉంచిన పేజీకి వెళ్లేలా చేయండి.

ఊరి పేరు మార్చి అదే మ్యాటర్‌తో "హైదరాబాద్‌లో ఆవకాయ", "విజయవాడలో ఆవకాయ", "విశాఖలో ఆవకాయ" అని వరసగా పేజీలు దింపడం కూడా స్పామ్ కిందికే వస్తుంది. చుట్టుపక్కల వాళ్లకి కనపడాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ మ్యాప్స్‌లో, సెర్చ్‌లో మీ వ్యాపారం వివరాలు చూపించేది) సరిగ్గా నింపండి. అక్కడ గూగుల్ చూసేవి మూడు: అడిగినదానికి మీరు సరిపోతారా, ఎంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. వ్యాపారం పేరు మాత్రం బోర్డు మీద ఉన్నదే పెట్టాలి. పేరు చివర "బెస్ట్ పికిల్స్ తెనాలి" అని తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది.

పేజీ పెట్టాక చేసే పని

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (మీ సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే టూల్) మీ సైట్ చేర్చండి. ఉచితం. పేజీ పెట్టిన వారానికే ర్యాంకు చూసుకుని నిరాశపడొద్దు, కొత్త సైట్‌కి నెలలు పట్టొచ్చు. సెర్చ్ కన్సోల్ పర్‌ఫార్మెన్స్ రిపోర్టులో ఏ మాట మీద మీ పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎన్నిసార్లు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నవి ఉంటాయి. చాలా అరుదుగా వచ్చే సెర్చ్‌లని ప్రైవసీ కోసం దాచేస్తుంది, అందుకే మొత్తాలు కలవకపోతే కంగారుపడక్కర్లేదు.

నేను మొదట చూసేది 8 నుంచి 20 స్థానాల మధ్య ఉన్న మాటలు. గూగుల్ ఇప్పటికే ఆ పేజీని పనికొచ్చేదిగా గుర్తించింది, ఇంకాస్త ఉంటే పైకి వస్తుంది. ఉదాహరణకి మాగాయ పేజీకి "మాగాయకి ఆవకాయకి తేడా" అనే సెర్చ్ మీద ఇంప్రెషన్లు వస్తున్నాయనుకోండి, అంటే ఆ పేజీ ఫలితాల్లో కనిపిస్తోందనుకోండి. పేజీలో చూస్తే ఆ తేడా గురించి ఒక్క ముక్క లేదు. అప్పుడు ఒక హెడ్డింగు పెట్టి రాయాలి: ఆవకాయకి కాయని టెంకతో సహా ముక్కలు కొట్టి ఆవపిండి కలుపుతారు, మాగాయకి చెక్కు తీసి, పల్చటి ముక్కలు కోసి, ఉప్పులో ఊరనిచ్చి, ఎండబెట్టి, మెంతిపిండి కలుపుతారు. అడిగిన మనిషికి జవాబు దొరికింది, పేజీకి బలం వచ్చింది. కొత్త పేజీలు పది పెట్టడం కంటే ఉన్న పేజీలో ఇలాంటి ఖాళీలు పూడ్చడం మీదే నాకు గురి.

పైన స్థానంలో ఉన్నా నొక్కేవాళ్లు లేకపోతే టైటిల్ మార్చి చూడండి. ఒకసారికి ఒకటే మార్చండి, తేదీ రాసుకోండి. లేకపోతే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు.

సీజన్

పచ్చళ్ల సెర్చ్‌లు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. ఆవకాయ వేసవిది, ఉసిరి కార్తీకంలో మొదలవుతుంది, చింతకాయ సంక్రాంతి ముందూ వెనకా, పండుమిర్చి ఆ తర్వాత. జనం వెతకడం మొదలుపెట్టాక పేజీ రాస్తే అది గూగుల్‌లో కుదురుకునేసరికి కాయలైపోతాయి. ఆవకాయ పేజీ పని ఫిబ్రవరిలోనే అయిపోవాలి. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలు ఉంచుతుంది కాబట్టి, ఈ ఏప్రిల్‌ని పోయిన ఏప్రిల్‌తో పోల్చండి. మార్చితో పోలిస్తే ఏమీ తెలియదు.

స్టాక్ అయిపోయిందని పేజీ తీసేయడం, మళ్లీ ఏడాది కొత్త పేజీ పెట్టడం చాలామంది చేస్తారు. అలా చేస్తే పోయిన ఏడాది ఆ పేజీ సంపాదించుకున్న లింకులూ, స్థానమూ పోతాయి. పేజీ అలాగే ఉంచి పైన ఒక లైను పెట్టండి: "ఈ ఏడాది కొత్తావకాయ అయిపోయింది. మళ్లీ వేసవిలో కాయ రాగానే పెడతాం. ముందుగా చెప్పమంటే వాట్సాప్‌లో పేరు పంపండి." లింకులో సంవత్సరం పెట్టకండి. సంవత్సరం, ధర, తేదీలు పేజీ లోపల మార్చుకుంటే సరిపోతుంది. ఆ లైను కింద పేరు పంపినవాళ్ల మెసేజీలు కూడా షీట్‌లోకి ఎక్కించండి. వచ్చే ఫిబ్రవరిలో పేజీ సరిచేసేటప్పుడు ముందు చదవాల్సింది వాటినే.